నది తప్ప అన్నీ

టెక్సస్‌లో నది అందరిదీ. ఒడ్డు మాత్రం ఎవరో ఒకాయనది.

ఇది నా చమత్కారం కాదు, చట్టం. టెక్సస్ ఇంకా అమెరికాలో కలవక ముందు, సొంత దేశంగా మీసం మెలేస్తున్న 1837లోనే తేల్చేశారు: సగటున ముప్పై అడుగుల వెడల్పున్న ఏరు ఏదైనా సరే, దాని అడుగు సర్కారుది, దాని మీద తిరిగే హక్కు జనానిది. ఎంత పెద్ద మనసు! కాకపోతే ఆ ఏటి దాకా నడిచి వెళ్ళే దారి ఇప్పించే పూచీ మాత్రం చట్టం తీసుకోలేదు. రాష్ట్రంలో నూటికి తొంభై అయిదు పాళ్ళ నేల ప్రైవేటు ఆస్తి. ముళ్ళకంచె, కంచెకో గేటు, గేటుకో బోర్డు. నీళ్ళలో ఉన్నంతసేపూ మీరు ప్రజలు. కాలు తీసి గట్టున పెట్టారా, దొంగలు. కాబట్టి ఈ హక్కుదారులంతా తమ హక్కు అనుభవించాలంటే ఏ వంతెన పక్కనో కారు ఆపి జారుకుంటూ దిగాలి, లేకపోతే స్టేట్ పార్కుకు టికెట్టు తీసుకోవాలి.

టికెట్టంటే కౌంటరు దగ్గరికి వెళ్ళి ‘నాలుగు ఫుల్లు, రెండు హాఫ్’ అనడం కాదు. గుడారం వేసుకునే జాగా ఐదు నెలల ముందు బుక్ చేసుకోవాలి. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేసే పాసు నెల ముందు. మే నెలాఖర్న వచ్చే మెమోరియల్ డే సెలవులకి ఫ్రియో నది ఒడ్డున, గార్నర్ స్టేట్ పార్కులో రెండు రాత్రులు పడుకోవాలనుంటే, డిసెంబరు చలిలో దుప్పటి కప్పుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. మనవాళ్ళకి ఇందులో మంచి తర్ఫీదే ఉందిలెండి. తిరుమల ఆర్జిత సేవల టికెట్లకు మూడు ఫోన్లు, రెండు ల్యాప్‌టాపులు పెట్టుకుని కాచుక్కూర్చున్న జాతి మనది. దేవుడి కోసం పడ్డ పాట్లు నది నీళ్ళ కోసం పడలేమా?

మరి అంత చేసి వెళ్ళేచోట ఏముందంటారా. ఉంది, అందులో వంక పెట్టడానికి లేదు. శాన్ ఆంటోనియోకి పడమటగా, కాంకన్ దగ్గర, సున్నపురాయి కొండల మధ్య మూడు మైళ్ళకు కాస్త తక్కువ పొడవున పార్కులో పారుతుంది ఫ్రియో. అడుగున గులకరాయి కనిపించేంత తేట నీళ్ళు. ఇరువైపులా సైప్రస్ చెట్లు, వేళ్ళు నీళ్ళలోకి దించి. 1930ల మాంద్యంలో పనుల్లేని కుర్రాళ్ళకి రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నెలజీతమిచ్చి కట్టించిన రాతి కట్టడాలు. 1941లో తెరిచారు. అక్కడి మంటపంలో 1940ల నుంచి వేసవి రాత్రుల్లో జ్యూక్‌బాక్సు పెట్టుకుని డాన్సులాడుతున్నారు. తాతలు కలుసుకున్న చోటే మనవలూ కలుసుకుంటున్నారని అక్కడివాళ్ళు మురిసిపోతారు. పార్కుకి పేరు మాత్రం రూజ్‌వెల్ట్ దగ్గర ఉపాధ్యక్షుడిగా చేసిన జాన్ నాన్స్ గార్నర్‌ది. ఆ పదవికి ఏం విలువుందో గాని, నది ఒడ్డున పేరు మిగిలింది. ఇంతకంటే పెద్ద పదవులు చేసినవాళ్ళు ఫ్లైఓవర్లకే పరిమితమయ్యారు.

ఇంత డిమాండున్న సరుకుని ప్రభుత్వం ఎలా చూసుకుంటుందో కూడా చెప్పుకోవాలి. టెక్సస్ స్టేట్ పార్కుల కథ ఓ తల్లి ఇచ్చిన ఆరెకరాలతో మొదలైంది. ఇసబెల్లా నెఫ్ అనే ఆవిడ లియాన్ నది ఒడ్డున తనకున్న ఆరెకరాలు జనం కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి రాసిచ్చి కన్నుమూసింది. ఆమె కొడుకు పాట్ నెఫ్ అప్పుడు గవర్నరు. అమ్మ ఆస్తిని చుట్టుకోకుండా 1923లో స్టేట్ పార్కుల బోర్డు పెట్టించాడు. (గవర్నరై ఉండి నది ఒడ్డు నేలని జనానికి వదిలేశాడంటే, మన రాజకీయాల్లో ఆయనకి డిపాజిట్టు కూడా దక్కదు.) సరిగ్గా నూరేళ్ళకి, 2023లో, శతాబ్ది ఉత్సవాలు ఘనంగా జరుపుతుండగానే అదే రాష్ట్రం ఓ పార్కుని చేజార్చుకుంది. డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్ళే దారిలో ఫెయిర్‌ఫీల్డ్ లేక్ స్టేట్ పార్కు. దాదాపు యాభై ఏళ్ళుగా ఆ నేల ఓ కరెంటు కంపెనీది. పార్కుల శాఖ పైసా అద్దె లేకుండా వాడుకుంటోంది. కంపెనీ బొగ్గు ప్లాంటు మూసేసింది, చెరువుతో సహా నేలని అమ్మకానికి పెట్టింది. కొన్న డెవలపరు గేటెడ్ కమ్యూనిటీ కడతాను, గోల్ఫ్ కోర్సు వేస్తాను అన్నాడు. జూన్‌లో పార్కుకి తాళం పడింది. తాళం పడ్డాక మన ప్రభువులకి మెలకువ వచ్చి, బలవంతంగానైనా సేకరిస్తాం అన్నారు. ధర తేల్చమని కోర్టు వేసిన కమిషనర్లు 41 కోట్ల 80 లక్షల డాలర్లని తేల్చేసరికి నోట మాట పడిపోయి ఇంటికెళ్ళిపోయారు. పదకొండు కోట్ల డాలర్లకి అమ్మకానికి పెట్టినప్పుడే కొనేయడం ఎవరివల్లా కాలేదు. అదే ఏడాది నవంబరులో పార్కులకి కొత్త నేలలు కొనడానికి వంద కోట్ల డాలర్ల నిధి పెట్టమని ఓటర్లు నూటికి డెబ్బై మందికి పైగా చెప్పారు. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయంటారే, ఇక్కడ కుక్కలకి బడ్జెట్టు కూడా ఇచ్చారు.

ఫెయిర్‌ఫీల్డ్ పార్కుకి తాళం పడిన వార్త వచ్చినరోజు మన డాలస్ తెలుగు గ్రూపుల్లో కన్నీళ్ళు పారాయనుకుంటున్నారా. ‘బ్రో, మంచి డీల్ మిస్సయ్యాం’ అన్నాడొకడు. ‘చెరువు ఫేసింగ్ ప్లాట్ ఎంతలో పడుతుందో కనుక్కో అన్నా’ అన్నాడు ఇంకొకడు. మనవాణ్ణి ఏ సుందర దృశ్యం ముందు నిలబెట్టండి, కొండ కానీ కోన కానీ, మొదట నోట్లోంచి వచ్చే మాట ‘ఇక్కడ ఎకరం ఎంతుంటుంది?’ గార్నర్‌లో ఓల్డ్ బాల్డీ అనే గుట్ట ఎక్కితే కింద ఫ్రియో వంపు తిరుగుతూ కనిపిస్తుంది. అక్కడ నిలబడి చెమట తుడుచుకుంటూ అవతలి ఒడ్డుకేసి వేలు చూపించి, నలుగురం కలిసి ఎల్‌ఎల్‌సీ పెడితే అటువైపు ఇరవై ఎకరాలు లాగొచ్చు అన్నవాళ్ళని చూశాను. లాగి ఏం చేస్తారు? కంచె వేస్తారు. గేటు పెడతారు. అప్పుడు నది అందరిదీ, ఒడ్డు మన సుబ్బారావుది.

సరే, బుకింగ్ దొరికింది. ఇక ప్రణాళిక.

మొదట గ్రూపు పుట్టాలి. ‘చలో ఫ్రియో’ అని పేరు, పేరుకి అటొకటి ఇటొకటి అల బొమ్మలు. గంటలో ముప్పైమంది. ఒక గుడారం జాగాలో ఎనిమిదిమందికే అనుమతి అని రిజర్వేషన్ కాగితం మీదే ఉంటుంది. ‘పిల్లలు లెక్కలోకి రారులే వదినా’ అని ఒకావిడ తీర్పు. పదమూడేళ్ళలోపు పిల్లలకి గేటు దగ్గర డబ్బు ఉండదు, నిజమే. పెద్దలకి తలకి 8 డాలర్లు. డబ్బు లేనివాళ్ళు మనుషులు కారన్న సిద్ధాంతం మాత్రం మనం తయారు చేసుకున్నదే. ఆ పైన ఏడాది పాసు చర్చ. పాసు కొంటే కార్లో ఉన్నవాళ్ళందరికీ ప్రవేశం ఉచితం. అంతే, ఏడాదికి రెండు లక్షల డాలర్లు తెచ్చుకునే ఇంజినీర్లు ముగ్గురు, ఒకే పాసు మీద ఏ కార్లో ఎంతమందిని కుక్కితే ఎంత మిగులుతుందో రాత్రి ఒంటిగంట దాకా లెక్కలేశారు. ఆ శ్రద్ధ ఆఫీసులో చూపించి ఉంటే లేఆఫులే వచ్చేవి కావు.

తర్వాత స్ప్రెడ్‌షీటు. ఆ స్ప్రెడ్‌షీటుని నేను దగ్గర్నుంచి చూశాను, చూసి చేతులెత్తి దణ్ణం పెట్టాను. మొదటి ట్యాబు ‘ఫుడ్’. శుక్రవారం రాత్రి పులిహోర, దద్దోజనం, అరటికాయ చిప్స్. శనివారం ఉదయం ఇడ్లీ, రెండు చట్నీలు, కారప్పొడి (నెయ్యి వేరే వరసలో). పదకొండింటికి ‘లైట్ స్నాక్’: మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం దమ్ బిర్యానీ, రెండు పెద్ద అల్యూమినియం ట్రేలు, ఒకదానిమీద ‘వెజ్’ అని నల్ల మార్కరుతో. సాయంత్రం గ్రిల్ చికెన్, మొక్కజొన్న పొత్తులు, ఛాయ్. ఆ ఛాయ్ పక్క గడిలో ఎర్రక్షరాలతో ‘అల్లం మర్చిపోకండి ప్లీజ్!!’ రెండో ట్యాబు ‘సామాన్లు’: స్పీకరు, స్పేర్ స్పీకరు, కేరమ్ బోర్డు, పేక, మస్కిటో కాయిల్స్. మూడోది ‘డ్రెస్ కోడ్’. శనివారం తెలుపు, నీలం. ఆదివారం పూల చొక్కాలు. ప్రజాస్వామ్యబద్ధంగా ఓటింగు పెట్టి ఖరారు చేశారు.

నది అన్న మాట మూడు ట్యాబుల్లోనూ లేదు. డ్రెస్ కోడ్‌లో ‘ఫొటోస్ నియర్ వాటర్’ అని ఒక్కచోట ఉంది.

నిబంధనల పత్రం మాత్రం అందరికీ పంపారు, అందరూ బొటనవేలు చూపించారు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో బయట కూర్చుని మద్యం తాగకూడదు, ప్రదర్శించకూడదు. దీనికి మనవాళ్ళు కనిపెట్టిన పరిష్కారం స్టీలు ఫ్లాస్కు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. దీనికి పరిష్కారం ఇంకా కనిపెట్టలేదు గనక, పాటించరు. అడవి జంతువులకి తిండి పెట్టకూడదు. అక్కడ రకూన్ అని ఒకటుంటుంది. కళ్ళచుట్టూ నల్లగంతలు, చేతులు మనిషివి. తిండి పెట్టాల్సిన పనిలేదు, అదే తీసుకుంటుంది. మూతపెట్టిన కూలరు తెరిచి, వెజ్ ట్రే పక్కకి నెట్టి, నాన్‌వెజ్ ట్రే మీద పడుతుంది. మార్కరుతో రాసిన అక్షరాలు చదివిందా అని నాకు అనుమానం.

ప్రయాణం సంగతి త్వరగా కానిచ్చేద్దాం. డాలస్ నుంచి దాదాపు ఆరు గంటల దారి. పొద్దున్నే ఆరింటికి బయలుదేరాలని తీర్మానం, తొమ్మిదింటికి మొదటి కారు వీధి మలుపు తిరిగింది, పదింటికి అదే కారు పచ్చడి జాడీ కోసం వెనక్కి వచ్చింది. పార్కు చేరేసరికి చీకటి. టార్చిలైట్ల వెలుగులో గుడారాలు లేపుతూ, దిక్కులు తెలియక, కొన్నింటికి వాకిలి చెట్టుకేసి పెట్టారు.

తెల్లారింది. అసలు ఘట్టం ఇది. మడతకుర్చీలు గుండ్రంగా వేశారు. మధ్యలో మడతబల్ల, బల్లమీద ట్రేలు. ఆ గుండ్రంలో సగంమంది వీపు నదికి, మిగతా సగం చూపు ట్రేలకి. అంతా కలిసి పదడుగుల దూరంలో పారుతున్న ఫ్రియోని లెక్కలోంచి తీసేశారు. టాపిక్కులు చెప్పనా? గ్రీన్‌కార్డు ప్రయారిటీ తేదీ, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇళ్ళ ధరలు, గచ్చిబౌలిలో ఇళ్ళ ధరలు, పిల్లాడి గణితం ఒలింపియాడ్, మళ్ళీ ఫ్రిస్కోలో ఇళ్ళ ధరలు. ఏటి ఈతకీ లంక మేతకీ సరి అంటారు. లంకలో గడ్డి కోసం ఏరీదిన పశువులు పాపం రెండూ చేశాయి. మనవాళ్ళు ఈత కొట్టిపారేసి మేత ఒక్కటే ఉంచుకున్నారు.

మధ్యాహ్నం పూట నది గుర్తొచ్చింది, వెలుతురు బాగుందని. ఆడవాళ్ళు ఒక వరస, మగవాళ్ళు ఒక వరస, తర్వాత జంటలు, తర్వాత పిల్లలతో. చీలమండ దాకా నీళ్ళలో దిగి, ‘నీళ్ళు చల్లు, చల్లినట్టు నవ్వు’ అని ఒకరు దర్శకత్వం. డ్రోన్ పైకి లేచేలోపు రేంజరు వచ్చి దింపించాడు.

నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వురాని సంగతి.

ఐదు నెలల ముందు బుక్ చేసుకున్న నది ఆ రోజుకి ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. 2022, 2023 కరువు వేసవుల్లో ఫ్రియో చాలాచోట్ల పారడం మానేసింది. గుంటలు, గుంటల మధ్య తెల్లరాళ్ళు. రబ్బరు ట్యూబులు కొనుక్కొచ్చినవాళ్ళు వాటిమీద ఇంట్లోలాగే కూర్చున్నారు. ఇది ఒక ముఖం. రెండో ముఖం 2025 జులై 4న గ్వాడలూప్ నది చూపించింది. అదీ ఈ కొండల సీమదే. తెల్లవారకముందు, సెలవుదినం, ఒడ్డునిండా క్యాంపులు. నలభై అయిదు నిమిషాల్లో నది ఇరవై ఆరడుగులు లేచిందని అధికారులే చెప్పారు. వరదల్లో వందమందికి పైగా పోయారు; వాళ్ళలో వేసవి శిబిరానికి వచ్చిన చిన్నపిల్లలున్నారు. ఆ సీమలో నేల పలచన, కింద రాయి. పడిన వాన ఇంకదు, నేరుగా ఏట్లోకి దూకుతుంది. మీ నెత్తిమీద చుక్కలు మెరుస్తుండగానే ఎగువన పాతిక మైళ్ళ అవతల కురిసిన వాన మీ గుడారం తలుపు తట్టొచ్చు.

ఇది ముందుగా తెలుసుకోవడానికి స్ప్రెడ్‌షీటుతో పనిలేదు. ఫ్రియో మీద కాంకన్ దగ్గర అమెరికా భూగర్భ సర్వే సంస్థ నీటిమట్టం కొలిచే యంత్రం పెట్టింది. ఎన్ని అడుగులు, సెకనుకి ఎంత నీరు, అంతా ఫోన్లో ఉచితం. పాసులో మూడు డాలర్లు మిగిల్చే దారి వెతికిన ఇంజినీర్లకి ఈ ఉచితం ఎందుకో కంటికి ఆనలేదు. రాత్రి వాన వస్తే ఏ మెరకకి పరుగెత్తాలి అని రేంజర్ని అడిగినవాడూ లేడు. అడిగింది ఒక్కటే, ‘మైక్రోవేవ్ ఎక్కడుంది సార్?’

ఇంకొకటుంది. టెక్సస్ స్టేట్ పార్కుల్లో దాదాపు ఎక్కడా లైఫ్‌గార్డులుండరు. మీ ప్రాణం మీ పూచీ అని బోర్డు రాసి ఉంటుంది. పదమూడేళ్ళలోపు పిల్లలు చిన్న పడవలో గాని కయాక్‌లో గాని ఎక్కితే లైఫ్ జాకెట్ వేయాల్సిందేనని చట్టం. పెద్దవాళ్ళని చట్టం బలవంతపెట్టదు, సిగ్గు ఆపుతుంది. ‘నడుములోతు నీళ్ళకి జాకెట్టేంటి బావా!’ నడుములోతు తర్వాత అడుగు వేస్తే ఎంతో ఏటికి తెలుసు, బావకి తెలీదు.

మన తాత గోదారికి అడ్డంగా ఈదాడు. నడుముకి బెండ్లు కట్టి బావిలోకి తోసి నేర్పారు ఆయనకి. నాన్న ఊరి కాలవలో నేర్చుకున్నాడు. కొడుకుని తెల్లవారుజామున నాలుగింటికి లేపి స్టడీ అవర్‌కి తోసే కాలేజీలో వేశాం, ఆటస్థలం లేని అయిదంతస్తుల కాలేజీ. వాడు ఎడమచేత్తో క్యాలికులస్ చేస్తాడు. ప్రవాహ వేగం, పీడనం, తేలియాడే వస్తువు బరువు, అన్ని లెక్కలూ వచ్చు. నీళ్ళలో వేస్తే మునిగిపోతాడు. ఎంఎస్‌కి వచ్చి, తొలి వేసవిలో స్నేహితులతో ఏ చెరువుకో జలపాతానికో వెళ్ళి, ఒకడు జారితే వాణ్ణి లాగబోయి ఇంకొకడు. ఏళ్ళుగా వింటున్న వార్తే. వార్త వచ్చిన గంటలో మనవాళ్ళ సమర్థత చూడాలి. విరాళాల పేజీ తయారు, కాన్సులేటుకి ఫోన్లు, సాయంత్రానికి లక్ష డాలర్లు. శవాన్ని ఊరికి చేర్చడంలో మనకి సాటివచ్చే జాతి లేదు. ఆ లక్షలో ఓ ముక్క పెట్టి కొత్తగా దిగిన పిల్లలకి ఆగస్టులో నాలుగు ఈత పాఠాలు చెప్పిద్దామని సంఘాల్లో ఎవరైనా లేవనెత్తితే, అజెండాలో చోటు చాలదు. సినీతార విమానం టికెట్టు, దీపావళి హాలు అద్దె ముందే కూర్చుని ఉంటాయి.

వచ్చే మే నెలకి మళ్ళీ గ్రూపు లేచింది. ఈసారి స్ప్రెడ్‌షీటు లింకు నాకూ పంపారు, మార్చే అధికారంతో సహా. ‘ఫుడ్’ ట్యాబులో చివరి గడి పక్కన కొత్త గడి తెరిచి పైన ‘ఈత వచ్చినవాళ్ళు’ అని రాశాను. దానిపక్కన ‘లైఫ్ జాకెట్లు ఎవరు తెస్తున్నారు?’ అని ఇంకోటి. మర్నాడు పొద్దున తెరిచి చూస్తే మొదటి గడి కింద ఎవరో ‘పెరుగు, రెండు డబ్బాలు’ అని నింపారు. రెండోదాని కింద ‘కాస్ట్‌కోలో చూద్దాం’ అని ఉంది. ఆ మాటకి అప్పటికే తొమ్మిది లైకులు.